సంక్రాంతికి కోనసీమ: పిల్లాపాపలతో వెళ్లేవాళ్లకి

హైదరాబాద్ నుంచి అమలాపురం దాదాపు 450 కిలోమీటర్లు. అందరి భయమూ హైవే మీదే ఉంటుంది గానీ, అసలు జాగ్రత్త పడాల్సింది రావులపాలెం దాటాక. అక్కణ్ణుంచి చాలాచోట్ల రోడ్డు పక్కనే కాలవ, పిట్టగోడ కూడా ఉండదు. తెల్లారగట్ల మంచు దిగితే కాలవేదో రోడ్డేదో తెలీదు. అందుకని బయల్దేరే టైము ఈ చివరి నుంచి వెనక్కి లెక్కేసుకోవాలి. ట్రాఫిక్ తప్పుతుందని రాత్రి పదింటికి బండి తీస్తే, నిద్రలేని డ్రైవరు సరిగ్గా మంచు చిక్కగా ఉన్నప్పుడే కాలవగట్టెక్కుతాడు. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరితే పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్ల దగ్గర క్యూ ఉన్నా పొద్దుండగానే ఊళ్లో దిగొచ్చు. ఫాస్టాగ్‌లో డబ్బులున్నా కేవైసీ లేక బ్లాక్‌లిస్టులో పడితే టోల్ ఎక్కువ కట్టాలి, ముందురోజే చూసుకోండి. హైవే మీద బండి ఆగిపోతే 1033కి ఫోన్ చేయండి.

మంచులో హైబీమ్ వేస్తే వెలుగు తిరిగి మన కళ్లలోనే పడుతుంది. లోబీమ్ చాలు. నడుస్తున్న బండికి నాలుగు ఇండికేటర్లూ వేసేవాళ్లు ఎక్కువైపోయారు. అలా వేస్తే ఎటు తిరుగుతున్నారో వెనకాల వాళ్లకి తెలిసే దారే లేదు. పసిబిడ్డని ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే ఆ దెబ్బ బిడ్డకే.

కారు కాలవలో పడితే తలుపు తీయాలని చూడొద్దు, బయటి నీళ్ల ఒత్తిడికి అది రాదు. బెల్టులు విప్పడం, అద్దాలు దించడం, పిల్లల్ని ముందు బయటికి తోయడం, వాళ్ల వెనకే పెద్దలు. నీళ్లు అద్దం అంచుకి వచ్చేలోపు, అంటే ఒక్క నిమిషంలో, ఇదంతా అయిపోవాలి. ఫోన్ చేయడం ఆ తరవాతే. అద్దం దిగకపోతే పక్క అద్దాన్ని మూల దగ్గర సుత్తితో కొట్టాలి. ముందు అద్దం పొరలతో చేసింది, పగిలినా ఊడదు. ఆ సుత్తి డిక్కీలో ఉంటే లేనట్టే.

చిన్నపిల్లలు, ముసలివాళ్లు ఉంటే మా ఓటు రైలుకే. ఆ తరవాత సొంత కారు, ఆఖరున స్లీపర్ బస్సు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, పండగ బెర్తులు చూస్తుండగానే అయిపోతాయి. అమలాపురానికి రైలు లేదు. రాజోలు వైపు వాళ్లకి నరసాపురం ఎక్స్‌ప్రెస్‌లో పాలకొల్లు దిగి చించినాడ వంతెన దాటడం దగ్గర, అమలాపురం వాళ్లు రాజమండ్రిలో దిగడం మేలు. స్టేషన్ నుంచి బండి ముందే మాట్లాడుకోకపోతే, తొమ్మిదిమందిని కుక్కిన ఆటోయే గతి. బస్సే దిక్కైతే, ఎక్కగానే అత్యవసర ద్వారం ఎటుందో, సుత్తి ఎక్కడ తగిలించారో పిల్లలకి వేలుపెట్టి చూపించండి, వాళ్లకి కింది బెర్తే ఇవ్వండి. మహబూబ్‌నగర్ వైపు పాలెం దగ్గర 2013లో, కర్నూలు వైపు చిన్నటేకూరు దగ్గర 2025లో బస్సులు కాలిపోయినప్పుడు లోపలే చిక్కుకుని చనిపోయినవాళ్లు ఉన్నారు.

బసకి గోదారి ఒడ్డునున్న దిండి ఊరు అందంగా ఉంటుంది, గోదారి కిటికీలోంచే కనిపిస్తుంది. అయితే నడక నేర్చిన బిడ్డ ఉంటే హౌస్‌బోటు వద్దు. కమ్మీల మధ్య సందు పది సెంటీమీటర్లు దాటితే ఆ బిడ్డ అందులోంచి జారగలడు. లైఫ్‌జాకెట్ తొడిగాక భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూడండి, చెవుల దాకా వచ్చేస్తే అది పెద్దవాళ్ల సైజు. గుండె జబ్బు, డయాలసిస్ ఉన్నవాళ్లతో అయితే అమలాపురంలోనో రాజమండ్రిలోనో లాడ్జి తీసుకోవడం నయం, ఆస్పత్రి దగ్గర. హోంస్టేల్లో ముందు చూడాల్సింది బాత్రూంలో గ్యాస్ గీజరు. తలుపేసుకుని అది మండుతుండగా స్నానం చేస్తే వాసన రాని కార్బన్ మోనాక్సైడ్ కమ్ముకుని స్పృహ తప్పుతుంది. బకెట్లు నింపుకుని గీజరు ఆపేశాకే తలుపేసుకోవాలి.

కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసి తీరాల్సిందే. ప్రభలంటే దేవుణ్ణి ఊరేగించే, అలంకరించిన ఎత్తైన వెదురు చట్రాలు. పదకొండు ఊళ్ల శివుళ్లవి, అంటే ఏకాదశ రుద్రుల ప్రభలు, అక్కడ కొలువు తీరుతాయి, గంగలకుర్రు ప్రభల్ని భుజాల మీద కౌశిక నదిలోంచి దాటిస్తారు. అందరూ గట్టుకి ఎగబడేది ఆ ఘట్టానికే; పిల్లల్ని భుజానెత్తుకున్నా గట్టు అంచుకి మాత్రం పోవద్దు, వెనక నుంచి తోపులాట వస్తుంది. పిల్లల జేబులో ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టండి. అంతర్వేదిలో సాగర సంగమం దగ్గర ఒడ్డునే నీళ్లు నెత్తిన చల్లుకోండి. నదీ సముద్రం కలిసేచోట లోపలి లాగుడు పైకి కనిపించదు.

ఇంట్లో భోగిమంటకి పెట్రోలు పోయొద్దు, పిల్లలకి నైలాన్ పరికిణీ కాకుండా నూలుది కట్టండి. కాలితే 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టాలి, పేస్టు రాయొద్దు. ఎవరూ పట్టించుకోనిది భోగిపళ్లు. ఐదేళ్లలోపు పిల్లల నెత్తిన పోసే రేగుపళ్లు, నానిన శనగలు, చిల్లర నాణేలు ఒళ్లోకి దొర్లి, ముత్తైదువలు పాటలో ఉండగానే నోట్లోకి పోతాయి. పోయడానికి ఒకరుంటే ఏరడానికి ఇంకొకరు పక్కనే కూర్చోవాలి. గొంతుకి అడ్డుపడి బిడ్డ ఏడవలేకపోతుంటే నోట్లో వేలు పెట్టి కెలక్కండి, ఇంకా లోపలికి పోతుంది. ముందుకి వంచి భుజం ఎముకల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు గట్టిగా వేయండి. ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి.