రూకీని దేంతో కొలవాలి? పాయింట్లా, అవార్డా, ఫ్రీ త్రోలా?

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ సీజన్ మొదలైతే చాలు, రాయగడలో మా గ్రౌండ్‌కి వచ్చే పిల్లలదీ, పార్వతీపురం నుంచీ గుణుపూర్ నుంచీ ఫోన్ చేసే మిత్రులదీ ఒకటే ప్రశ్న. "అన్నా, ఈ ఏడు కొత్తోళ్లలో ఎవడు మేలు?" కొత్తోళ్లంటే రూకీలు, తొలి సీజన్ ఆడేవాళ్లు. 2025 అక్టోబర్‌లో ఈ ప్రశ్న మరీ ఎక్కువైంది. డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు కొత్తవాళ్లను వరసగా ఎంచుకునే చోట, మొదటి నంబర్ పిక్‌గా డాలస్‌కి వెళ్లిన కూపర్ ఫ్లాగ్ తొలి మ్యాచ్‌లో పది పాయింట్లు చేశాడు. అదే రోజు ఫిలడెల్ఫియా కుర్రాడు వీజే ఎడ్జ్‌కోంబ్ బోస్టన్ మీద 34 కొట్టాడు. మనకు పొద్దున్న పది కాకుండానే ఫ్లాగ్ పని అయిపోయిందని వాట్సాప్‌లో తేల్చేశారు. డిసెంబర్‌లో అదే ఫ్లాగ్ యూటా మీద 42 పాయింట్లు చేసేసరికి, అతన్ని తిట్టినవాళ్లే దిగ్గజం లెబ్రాన్ జేమ్స్‌తో పోల్చడం మొదలుపెట్టారు.

ఒక మ్యాచ్ చూసి తీర్పు చెప్పకూడదని అందరికీ తెలుసు. మరి దేన్ని చూసి చెప్పాలి? జనం సాధారణంగా చూసేవి డ్రాఫ్ట్ నంబర్, సమ్మర్ లీగ్, తొలి సీజన్ పాయింట్ల సగటు, రూకీ ఆఫ్ ది ఇయర్ అవార్డు, టీమ్ గెలుపులు. వీటన్నిటికంటే నేను నమ్మేది ఇంకొకటి ఉంది. దాని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను.

డ్రాఫ్ట్ నంబర్ సంగతి రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. 2003లో రెండో నంబర్ డార్కో మిలిసిచ్. అతని తర్వాతి స్థానాల్లో, ముందుముందు పెద్ద స్టార్లైన కార్మెలో ఆంథోనీ, క్రిస్ బాష్, డ్వేన్ వేడ్ ఉన్నారు. 2013లో మొదటి నంబర్ ఆంథోనీ బెనెట్. తొలి సీజన్‌లో అతని సగటు 4.2 పాయింట్లు. ఆ ఏడాదే పదిహేనో నంబర్‌లో యానిస్ అంటెటోకుంపో దొరికాడు. డ్రాఫ్ట్ నంబర్ చూస్తే టీమ్ వాళ్లు ఏం ఆశపడ్డారో తెలుస్తుంది, అంతవరకే.

సమ్మర్ లీగ్ అంటే సీజన్‌కి ముందు ఎక్కువగా కొత్తవాళ్లు ఆడే పోటీ. అది వచ్చేది జులైలో. ఇక్కడ అప్పుడు వానలు. సిమెంట్ కోర్టు మీద పాచి పట్టి అడుగు వేస్తే జారుతుంది. ఆడే వీలు లేక పిల్లలంతా ఫోన్లకు అతుక్కుపోతారు, దాంతో ఈ మ్యాచ్‌లకు లేనిపోని విలువ వచ్చేస్తుంది. 2023లో లాస్ వేగాస్‌లో విక్టర్ వెంబన్యామా తొలి మ్యాచ్‌లో 13 షాట్లు వేస్తే రెండే పడ్డాయి. రెండో మ్యాచ్‌లో 27 పాయింట్లు చేశాడు. 2017లో అదే చోట ఎంవీపీ, అంటే ఉత్తమ ఆటగాడు, లాంజో బాల్. స్టార్ షూటర్ స్టెఫెన్ కరీ కంటే తన కొడుకే మేలని లాంజో నాన్న అప్పటికే చాటుకుని ఉన్నాడు. సీజన్ మొదలయ్యాక లాంజో షాట్లు నూటికి 36 మాత్రమే పడ్డాయి. జులైలో ఆడేవాళ్లలో సగం మందికి పైగా అక్టోబర్‌లో ఏ టీమ్‌లోనూ కనబడరు. వాళ్ల మీద బాగా ఆడితే సంతోషించాలి, ఆడకపోతే దిగులు పడక్కర్లేదు.

ఇక పాయింట్ల సగటు, అవార్డు. మా వాళ్లలో ఎక్కువ మంది దీన్నే నమ్ముతారు, వాదనలు జరిగేదీ ఇక్కడే.

2009-10 సీజన్‌లో సాక్రమెంటో కుర్రాడు టైరీక్ ఎవన్స్ సగటు 20.1 పాయింట్లు, 5.3 రీబౌండ్లు (తప్పిన షాట్ బంతిని పట్టుకోవడం), 5.8 అసిస్టులు (పాయింట్లకు దారితీసిన పాస్‌లు). తొలి సీజన్‌లోనే 20-5-5 చేసినవాళ్లు అతనికి ముందు ఆస్కార్ రాబర్ట్‌సన్, మైకేల్ జోర్డాన్, లెబ్రాన్ జేమ్స్ మాత్రమే. అవార్డు అతనికే వచ్చింది. రెండో స్థానంలో ఉన్నవాడి సగటు 17.5. అతనే స్టెఫెన్ కరీ. ఆ రోజు పాయింట్లే చూసినవాడు ఎవన్స్ పేరే చెబుతాడు, అది తప్పని కూడా అనలేం. కానీ పక్క కాలమ్‌లో ఇంకో రెండు అంకెలున్నాయి. త్రీ పాయింట్లలో, అంటే దూరపు గీత అవతలి నుంచి వేసే షాట్లలో, ఎవన్స్‌కి నూటికి పాతిక పడితే, కరీకి దాదాపు 44 పడ్డాయి. ఫ్రీ త్రోల్లో, అంటే ప్రత్యర్థి ఫౌల్ చేస్తే గీత దగ్గర నిలబడి అడ్డు లేకుండా వేసే షాట్లలో, ఎవన్స్‌కి నూటికి 75, కరీకి 88.

2013-14 ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఫిలడెల్ఫియా తరఫున మైకేల్ కార్టర్-విలియమ్స్ తొలి మ్యాచే మయామీ మీద. అది అప్పటి చాంపియన్ టీమ్. 22 పాయింట్లు, 12 అసిస్టులు, 9 స్టీల్స్ (ప్రత్యర్థి నుంచి లాక్కున్న బంతులు), 7 రీబౌండ్లు. సీజన్ చివర అవార్డు కూడా అతనిదే. అయితే ఆ ఏడాది ఫిలడెల్ఫియా 19 మ్యాచ్‌లే గెలిచింది, వరసగా 26 ఓడింది. అలాంటి టీమ్‌లో బంతి ఎప్పుడూ అతని చేతిలోనే ఉంటుంది. నూటికి 40 పడినా ఎవరూ ఆపరు, ఎందుకంటే వేయడానికి ఇంకొకడు లేడు. షాట్లు ఎక్కువ వేస్తే పాయింట్లూ ఎక్కువే వస్తాయి, అందులో ఆశ్చర్యమేముంది? 2015 ఫిబ్రవరిలో, అంటే అవార్డు వచ్చి ఏడాది తిరక్కుండానే, టీమ్ అతన్ని మిల్వాకీకి పంపేసింది. ఆ మిల్వాకీలోనే యానిస్ ఉన్నాడు. తొలి ఏడాది అతని సగటు 6.8 పాయింట్లు. 2019, 2020ల్లో లీగ్ ఎంవీపీ అతనే.

పాయింట్ల సగటులో ఆటగాడి ఆట కొంత, అతనికి దొరికిన అవకాశం కొంత. ఆ రెండూ విడదీయకుండా ఎవరినీ పొగడలేం, తిట్టలేం. నా అభిప్రాయమంతా ఇదే.

టీమ్ గెలుపులతో కొలుద్దామంటే అదీ కుదరదు. కార్మెలో, లెబ్రాన్ ఇద్దరూ 17 మ్యాచ్‌లే గెలిచిన టీమ్‌లకు వెళ్లారు. తొలి ఏడాది డెన్వర్ 43 గెలిచింది, క్లీవ్‌లాండ్ 35. అంతమాత్రాన కార్మెలో గొప్పవాడైపోతాడా? శాన్ ఆంటోనియో అయితే వెంబన్యామా రాకముందు 22 గెలిచింది, వచ్చాకా 22 గెలిచింది. ఈ లెక్కన అతను వచ్చినా రాకపోయినా ఒకటే అనాలి. ఆ సీజన్ చూసినవాడెవడూ ఆ మాట అనడు.

అవకాశంతో పని లేని చోటు కోర్టులో ఒకటే ఉంది. ఫ్రీ త్రో గీత. అక్కడ ఎదురుగా డిఫెండర్ ఉండడు, మంచి పాస్ ఇచ్చేవాడు అక్కర్లేదు, టీమ్ చెడ్డదైనా మంచిదైనా ఒకటే. దూరం కూడా మారదు. కాలేజీలో ఆడి వచ్చిన కుర్రాడికి ఎన్‌బీఏలో త్రీ పాయింట్ గీత వెనక్కి జరుగుతుంది, అందుకే చాలా మందికి తొలి ఏడాది ఆ షాట్ తడబడుతుంది. ఫ్రీ త్రో గీత మాత్రం కాలేజీలో ఉన్నచోటే ఉంటుంది. బోర్డు నుంచి పదిహేను అడుగులు, రింగ్ ఎత్తు పది అడుగులు.

మా కోర్టులోనూ అంతే. వానలకు పెయింట్ లేచిపోతుంది కాబట్టి దసరా తర్వాత గీత మళ్లీ వేస్తాం. తాడుకి రాయి కట్టి బోర్డు ముందు అంచు నుంచి వేలాడదీస్తాం. రాయి నేలను తాకిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టి, అక్కడి నుంచి టేపుతో పదిహేను అడుగులు కొలుస్తాం. మూడు వేళ్ల తేడా వచ్చినా పిల్లలు పట్టేస్తారు, "అన్నా, బంతి రింగ్ ముందే తగులుతోంది" అంటారు. కొద్దిపాటి తేడా కూడా తెలిసిపోయే షాట్ అది. ఆటగాడి చేయి ఎలాంటిదో చూడాలంటే నేను అక్కడే చూస్తాను.

కెవిన్ డ్యురాంట్ తొలి సీజన్ గుర్తుందా? సగటు 20.3 పాయింట్లు, సియాటిల్ గెలిచింది 20 మ్యాచ్‌లే, త్రీ పాయింట్లు నూటికి 29 కూడా పడలేదు. పైపైన చూస్తే ఇది కార్టర్-విలియమ్స్ కథలాగే ఉంటుంది. కానీ పందొమ్మిదేళ్ల వయసులో అతని ఫ్రీ త్రోలు నూటికి 87 పడ్డాయి. చేయి మంచిదని అప్పుడే తెలిసిపోయింది, మిగతా షాట్లు తర్వాత కుదిరాయి. కార్టర్-విలియమ్స్‌కి నూటికి 70.

అన్నిటికంటే మంచి ఉదాహరణ 2017-18. ఫిలడెల్ఫియాలో బెన్ సిమన్స్, యూటాలో డోనోవన్ మిచెల్. సిమన్స్‌ని డ్రాఫ్ట్ చేసింది 2016లో. కాలి గాయంతో ఏడాదంతా కూర్చున్నాడు కాబట్టి అతను అసలు రూకీయేనా అని పెద్ద గొడవ జరిగింది. నాకు ఆ గొడవ మీద ఆసక్తి లేదు. సిమన్స్ 15.8 పాయింట్లు, ఎనిమిదేసి రీబౌండ్లు, అసిస్టులు చేశాడు, టీమ్ 52 మ్యాచ్‌లు గెలిచింది, అవార్డు అతనికే వచ్చింది. పదమూడో నంబర్ పిక్ మిచెల్ సగటు 20.5. నేను చూసింది వేరే అంకె. ఫ్రీ త్రోల్లో సిమన్స్ నూటికి 56, మిచెల్ 80.

మూడేళ్ల తర్వాత, 2021 ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివర జరిగే నాకౌట్ పోటీలు) అట్లాంటాతో సిరీస్. సిమన్స్ ఏడు మ్యాచ్‌ల్లో 45 ఫ్రీ త్రోలు వేసి 15 కొట్టాడు. ఏడో మ్యాచ్ చివరి క్వార్టర్‌లో రింగ్ కిందే బంతి దొరికింది, ఎదురుగా ఉన్నది పొట్టివాడైన ట్రే యంగ్. బంతిని నేరుగా రింగ్‌లో దించి డంక్ చేయాల్సింది పోయి పక్కనున్న సహచరుడు థైబుల్‌కి పాస్ ఇచ్చాడు. ఫౌల్ చేస్తారు, గీత దగ్గర నిలబడాల్సి వస్తుంది అన్న భయమే అదని నేను నమ్ముతాను. ఫిలడెల్ఫియా ఓడింది. ఆ టీమ్ తరఫున సిమన్స్ మళ్లీ ఆడలేదు.

జేకేపూర్ నుంచి సైకిల్ మీద వచ్చే ఓ కుర్రాడిలో నేను ఇదే చూస్తున్నాను. డ్రిబుల్ అద్భుతం, పాస్ ఇంకా అద్భుతం. స్కోరు దగ్గర దగ్గరగా ఉంటే మాత్రం రింగ్ వైపు వెళ్లడు, మూలన ఉన్నవాడికి బంతి ఇచ్చేస్తాడు. చూసేవాళ్లు ఎంత మంచి మనసో అనుకుంటారు. గీత దగ్గర అతనికి పదికి నాలుగు పడితే గొప్ప, ఆ టెన్షన్‌తోనే ఆట ఆకారం మారిపోతోంది.

అంటే నూటికి ఎన్ని పడ్డాయన్న అంకె ఒక్కటే చాలదు. గీత దగ్గరికి వెళ్లడానికి జంకుతున్నాడా లేదా అన్నదీ చూడాలి. లుకా డాన్సిచ్‌కి తొలి ఏడాది నూటికి 71 పడ్డాయి, గొప్ప అంకె కాదు. కానీ సగటున మ్యాచ్‌కి ఆరుకి పైగా వేశాడు, అంటే పందొమ్మిదేళ్లకే రోజూ పెద్దవాళ్ల మధ్యలోకి దూసుకెళ్లాడు. యానిస్‌ది మరీ పెద్ద ఉదాహరణ. అతని ఫ్రీ త్రోలు ఏనాడూ గొప్పవి కావు. 2021 ప్లేఆఫ్స్‌లో అతను గీత దగ్గర నిలబడితే ప్రత్యర్థి ఊళ్లలో జనం అతను తీసుకునే సెకన్లు లెక్కపెడుతూ ఎగతాళి చేశారు. అయినా వెళ్లడం మానలేదు. ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో 50 పాయింట్లు, 19 ఫ్రీ త్రోలకు 17. మిల్వాకీ చాంపియన్ అయింది. సిమన్స్ పాస్ ఇచ్చింది సరిగ్గా నెల ముందే.

ఈ అంకె మారుతుంది కూడా. లాంజో బాల్‌కి తొలి ఏడాది నూటికి 45. షాట్ మొత్తం విప్పి మళ్లీ కట్టుకున్నాడు, నాలుగో సీజన్‌కి 78కి చేరాడు. తర్వాత మోకాలు దెబ్బతీసింది, అది వేరే విషయం. రూకీ ఏడాది అంకె తక్కువగా ఉందని ఎవరినీ కొట్టిపారేయను, రెండో ఏడాది అది ఎటు కదిలిందో చూస్తాను.

ఇక ఎక్కువ మంది అడిగే జోడీ, వెంబన్యామా, చెట్ హోమ్‌గ్రెన్. 2023-24లో వెంబన్యామా 21.4 పాయింట్లు, 3.6 బ్లాకులు (అడ్డుకున్న షాట్లు). హోమ్‌గ్రెన్ 16.5, 2.3, పైగా 82 మ్యాచ్‌లూ ఆడాడు, ఓక్లహోమా 57 గెలిచింది. ఫ్రీ త్రోల్లో ఇద్దరికీ నూటికి 79 పైచిలుకే. నా కొలబద్ద ఇక్కడ ఇద్దరికీ సమానంగా పాస్ మార్కులు వేస్తుంది, ఇద్దరి చేయీ మంచిదే. మరుసటి ఏడాది వెంబన్యామా దాదాపు 84కి వెళ్లాడు. రక్తం గడ్డకట్టే సమస్యతో సీజన్ మధ్యలో ఆగిపోకపోతే ఇంకా ఏం చూసేవాళ్లమో. హోమ్‌గ్రెన్‌కి 2025లో చాంపియన్‌షిప్ ఉంగరం వచ్చింది, అయినా నా ఓటు వెంబన్యామాకే.

2025 బ్యాచ్‌లో ఎడ్జ్‌కోంబ్, షార్లెట్‌లో ఉన్న కాన్ కనిపెల్, ఇద్దరూ ఇరవై నిండి సీజన్ మొదలుపెట్టారు. ఫ్లాగ్‌కి అప్పటికి పద్దెనిమిదే. మా పిల్లలు ముగ్గురి పాయింట్ల సగటూ రోజూ గోడ మీద బొగ్గుతో రాస్తున్నారు. పక్కనే ఇంకో రెండు గళ్లు గీయించాను. ఒకటి మ్యాచ్‌కి ఎన్ని ఫ్రీ త్రోలు వేశాడు, రెండోది అందులో ఎన్ని పడ్డాయి. ఒక్కొక్కరు రెండొందలు వేసేదాకా ఎవడు మేలో నేను చెప్పనని అందరికీ చెప్పేశాను.