డెంటన్‌లో పైలట్ లైసెన్స్: రెండు స్కూళ్ళు, రెండు మోటెళ్ళు, విచిటా ఫాల్స్‌లో ఒక రాత్రి

నేను రసూల్‌పురాలో పెరిగాను. 2008లో విమానాలు శంషాబాద్‌కి తరలిపోయేదాకా బేగంపేటలో దిగేవన్నీ మా డాబా మీంచి చూసేవాణ్ణి. అలాంటివాడు నలభై దాటాక డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటూ ప్రైవేట్ పైలట్ లైసెన్స్‌కి బయల్దేరడంలో వింత లేదు. వింతల్లా మొదటి ఆరు నెలలు డబ్బు పోసిన తీరే.

మొదట చేరిన స్కూలు పేరు, ఊరు వద్దులెండి. గంటకు 30 డాలర్లు తక్కువని చేరాను. అది పెట్రోలు కలపని 'డ్రై' రేటని మొదటి బిల్లు వచ్చాక తెలిసింది. ఉన్నవి రెండు విమానాలు, వాటిలో ఒకటి ఎప్పుడూ మెకానిక్ దగ్గరే. ఇన్‌స్ట్రక్టర్లు ఎయిర్‌లైన్ ఉద్యోగానికి కావలసిన 1,500 గంటలు నిండగానే వెళ్ళిపోతారు. అందులో వాళ్ళ తప్పేం లేదు, కానీ ఆరు నెలల్లో నాకు ముగ్గురు మారారు. కొత్తాయన వచ్చినప్పుడల్లా పాఠం మళ్ళీ మొదటికి. అమెరికా నియమం ప్రకారం లైసెన్స్‌కి కనీసం 40 గంటలు ఎగరాలి. నాకు 22 దాటినా సోలో, అంటే ఒంటరిగా ఎగరడం, ఊసే లేదు.

మారదామని ముందు అడిసన్ విమానాశ్రయం చూశాను. ఇంటికి దగ్గర, ఆఫీసులు అద్దంలా ఉన్నాయి. కానీ ఉన్నది ఒకే రన్‌వే, బిజినెస్ జెట్లు ఎక్కువ. వాటి వెనక క్యూలో నిలబడ్డా ఇంజను ఆడుతున్నంతసేపూ మీటరు తిరుగుతూనే ఉంటుంది, మన ఆటోలాగే. డాలస్‌కి ఉత్తరాన ఉన్న డెంటన్‌లో రెండు సమాంతర రన్‌వేలు, టవరు, పైకి లేచిన కాసేపటికే ప్రాక్టీసుకి ఖాళీ ఆకాశం. అక్కడే చేరి, మూడు వారాలు సెలవు పెట్టి అక్కడే మకాం పెట్టాను. ఒక్క మాట: అమెరికా పౌరులు కానివాళ్ళు మొదటి పాఠానికి ముందే టీఎస్ఏ (అమెరికా రవాణా భద్రతా సంస్థ) అనుమతి తీసుకోవాలి, వేలిముద్రలు ఇవ్వాలి. అది చేతికొచ్చాకే సెలవు పెట్టండి.

హైవే పక్క మోటెల్ చవకే గానీ రాత్రంతా ట్రక్కుల మోత. పొద్దున్నే ఆరున్నరకి ఫ్లైట్ ఉన్నవాడికి నిద్ర కన్నా విలువైనది లేదు. నాలుగో రోజే వంటగది ఉన్న వారం అద్దె గదికి మారాను. రైస్ కుక్కర్, ఆవకాయ, పెరుగు, అంతే. రోజుకు పాతిక డాలర్లు ఎక్కువైనా, రోజూ ఎగరడం వల్ల ఆదా అయిన గంటల ముందు అది లెక్కలోకి రాదు. వేసవిలో మధ్యాహ్నం స్లాటు మాత్రం వద్దు. మేం నేర్చుకున్న సెస్నా 172లో ఏసీ లేదు. ఎండకు ఐప్యాడ్ వేడెక్కి ఆగిపోతే కాగితం మ్యాపే దిక్కు. అదీగాక నేల కాగిపోయి విమానం ఎడ్లబండిలా ఎగురుతుంది.

కష్టమంతా ల్యాండింగ్‌లోనే. నేల ఇంకెంత దూరముందో కన్ను చెప్పాలి, అది చెప్పదు. రేడియోలో నా మాటల వేగానికి టవర్‌వాళ్ళు రోజూ "సే అగైన్" అనేవాళ్ళు. తొమ్మిదో రోజు పాఠం మధ్యలో విమానం నేల మీద ఆపించి ఇన్‌స్ట్రక్టర్ దిగిపోయి "మూడు రౌండ్లు కొట్టి రా" అన్నాడు. ఆయన బరువు లేకపోయేసరికి విమానం గభాలున లేచింది. దిగాక ఆచారం ప్రకారం చొక్కా వీపు భాగం కత్తిరించారు. అది అత్తగారు దసరాకి పెట్టిన చొక్కా. ఆవిడకి ఇంకా చెప్పలేదు.

సోలో క్రాస్‌కంట్రీ, అంటే ఒంటరిగా చేసే దూరప్రయాణం, మొత్తం 150 నాటికల్ మైళ్ళుండాలి, మూడు చోట్ల దిగాలి. నాది విచిటా ఫాల్స్, గెయిన్స్‌విల్, మళ్ళీ డెంటన్. విచిటా ఫాల్స్ విమానాశ్రయం షెపర్డ్ ఎయిర్‌ఫోర్స్ బేస్‌తో కలిసి ఉంటుంది. మన బుల్లి సెస్నాకి ముందు ఎయిర్‌ఫోర్స్ టీ-38 శిక్షణ జెట్లు దిగుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది. అక్కడ దిగేసరికి దక్షిణాన ఉరుముల మేఘాలు బారులు తీరాయి. ఇన్‌స్ట్రక్టర్‌కి ఫోన్ చేస్తే "విమానం కట్టేసి పడుకో" అన్నాడు. పెట్రోలు పోయించుకున్న చోటే తాళ్ళు ఇచ్చి, కట్టడం చూపించి, ఊళ్ళోకి వెళ్ళడానికి పాత కారు తాళాలు ఊరికే చేతిలో పెట్టారు. చిన్న విమానాశ్రయాల్లో ఇది మామూలేనట. తిరిగి ఇచ్చేటప్పుడు ట్యాంకు నింపడం మర్యాద. పొద్దున్నే ఆకాశం కడిగినట్టుంది. గెయిన్స్‌విల్‌లో టవర్ లేదు, మన రాక మనమే రేడియోలో చాటుకోవాలి.

చెక్‌రైడ్‌కి, అంటే లైసెన్స్ చివరి పరీక్షకి, ఎగ్జామినర్ దొరకడానికి ఏడు వారాలు పట్టింది. ఈ ఒక్కటే నాకు ఎవరూ ముందు చెప్పనిది: సోలో అయిన రోజే తేదీ పట్టుకోండి. మొదట మాటల పరీక్ష. నాలుగు సీట్లున్న విమానంలో నిండు ట్యాంకుతో నలుగురు పెద్దవాళ్ళని ఎక్కిస్తావా అని లెక్క వేయించాడు. బరువు దాటిపోతుందన్నాను. తర్వాత ఎగిరాం. మొత్తం 58 గంటలకు పాసయ్యాను.

తాత్కాలిక కాగితం అక్కడికక్కడే ఇచ్చారు, రైట్ సోదరుల బొమ్మున్న కార్డు తర్వాత పోస్టులో వచ్చింది. ఇప్పుడు మిత్రులు "డబ్బులిస్తాం, ఒకసారి తిప్పు" అంటున్నారు. ప్రైవేట్ పైలట్ కిరాయి తీసుకోకూడదు, ఖర్చు పంచుకోవచ్చు, అదీ నా వాటా నేను పెట్టుకుంటేనే. ఇంట్లో ఆవిడ మాత్రం ఈ ఆదివారం ఎక్కుతానంది, మధ్యాహ్నం కాకపోతేనే.