మంచాన పడిన పెద్దవారికి ఎయిర్ బెడ్: రెండేళ్లకు పైగా వాడాక

పక్షవాతంతో ఎడమ పక్క పడిపోయిన మా అత్తగారిని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపుతూ డాక్టరుగారు రాసిచ్చిన వాటిలో మందులతోపాటు ఎయిర్ బెడ్ కూడా ఉంది. బెంగళూరు మారతహళ్లిలోని మా ఇంట్లో అది రెండేళ్లకు పైగా రాత్రింబవళ్లు పనిచేస్తూనే ఉంది. కొనేటప్పుడు మాకు తెలిసినదంతా అమ్మేవారు చెప్పినదే కాబట్టి, పెద్దవారిని ఇంట్లో చూసుకుంటున్న కుటుంబాల కోసం వాడినవారి వైపు నుంచి ఈ సమీక్ష రాస్తున్నాను.

మాది బుడగలుండే రకం. మామూలు పరుపు మీద దీనిని పరిచి, పాదాల వైపు మంచం పట్టెకు చిన్న పంపు తగిలిస్తే, ఒక వరుస బుడగలు నిండుతుండగా పక్క వరుస ఖాళీ అవుతుంది; సుమారు 10 నిమిషాలకు వరుసలు తారుమారవుతాయి. కదలలేని మనిషికి నడుము కింద, తుంటి దగ్గర, మడమల దగ్గర చర్మం ఎముకకూ పరుపుకూ మధ్య నలిగి, రక్తం అందక దెబ్బతినడమే పడక పుండుకు మూలం కనుక, ఏ ఒక్క చోటా ఒత్తిడి ఎక్కువసేపు నిలవనీయకపోవడమే దీని పని. ఇంటికి వచ్చేనాటికే అత్తగారి నడుము కింద వేలితో నొక్కినా తెల్లబడని ఎర్ర మచ్చ ఒకటి ఉండేది. అది పుండుగా మారకుండానే తగ్గింది, కొత్తది రాలేదు.

“ఇది వేశాక మనిషిని తిప్పే పనే ఉండదండీ” అని సర్జికల్ షాపులో గట్టిగా చెప్పారు. అది నిజం కాదు. పగలు 2 గంటలకొకసారి తిప్పడం ఇప్పటికీ తప్పదు. అదీ తుంటి ఎముక మీద బరువంతా పడేలా కాకుండా, వీపు వెనక దిండు ఆనించి కొద్దిగా ఏటవాలుగా ఉంచాలి. మార్పు వచ్చింది రాత్రుల విషయంలో. ఇది రాకముందు అలారం పెట్టుకుని రాత్రంతా లేస్తూ ఉండడం వల్ల నాకూ మావారికీ ఆఫీసులో కళ్లు తెరిచి కూర్చోవడమే గగనమయ్యేది. తన వంతు కూడా ఉండాలని పట్టుబట్టిన మామగారికి నడుము పట్టేసింది. కొన్ని వారాలు చర్మం గమనించాక రాత్రి వ్యవధిని 4 గంటలకు పెంచవచ్చని డాక్టరుగారు అన్నారు. ఇది అందరికీ వర్తించదు, చర్మం చూసి వైద్యులే చెప్పాలి. ఏకధాటిగా 4 గంటల నిద్ర దొరికేసరికి మా మాటల్లో విసుగు తగ్గింది, ఆ తగ్గడం అత్తగారికీ తెలిసింది. నా దృష్టిలో ఈ వస్తువు విలువ అక్కడే ఉంది.

అయితే దీనిని నిరుపయోగం చేయడం చాలా తేలిక. పైన రబ్బరు షీటు, దాని మీద మడతల దుప్పటి, ఆ పైన మరో గుడ్డ వేస్తే బుడగల కదలిక ఒంటికి తెలియనే తెలియదు, పైగా చెమట చేరి చర్మం నానుతుంది. వదులుగా ఒక నూలు దుప్పటి, అవసరమైతే ఒక అండర్‌ప్యాడ్ (తడిని పీల్చుకునే, వాడి పారేసే షీటు), అంతే చాలు. 2024 వేసవిలో నగరమంతా నీటి ఎద్దడి ఉన్నప్పుడు దుప్పట్లు ఉతకలేక ప్లాస్టిక్ పరుద్దామని ఆయా ఎంతగానో ఒత్తిడి చేసినా, ఖర్చయినా సరేనని అండర్‌ప్యాడ్లే వాడాం. పంపు మీది మీటను మనిషి బరువునుబట్టి తిప్పాలి. తర్వాత నడుము భాగంలో ఎయిర్ బెడ్ కింద అరచేయి పెట్టి చూడాలి. ఎముక చేతికి తగిలితే గాలి చాలనట్టే. మడమలకు మాత్రం ఇది చాలదు, పిక్కల కింద దిండు పెట్టి వాటిని గాలిలో ఉంచాలి.

ఇబ్బందులూ ఉన్నాయి. తలవైపు బాగా ఎత్తితే మనిషి కిందికి జారి చర్మం రాపిడికి గురవుతుంది కనుక, అన్నం పెట్టడానికి మేము కుర్చీలోకి మారుస్తాం. అంచులు మెత్తగా ఉండడం వల్ల మంచం చివర కూర్చోబెట్టడం ప్రమాదం. పంపు సన్నగా గుయ్‌మంటుంది. మామగారికి అది ఇప్పటికీ నచ్చదు. విద్యుత్తు చాలా తక్కువే తీసుకుంటుంది, కానీ కరెంటు పోతే గాలి మెల్లగా దిగిపోతుంది కాబట్టి ఇన్వర్టరుకు కలపడం అవసరం. పిన్నీసు గుచ్చుకుని ఒకసారి బుడగ పగిలితే, పెట్టెలో వచ్చిన అతుకుతోనే సరిపోయింది. ఏడాది దాటాక పంపు బలం తగ్గినప్పుడు మాత్రం కంపెనీ నుంచి సాయం అందలేదు, కొత్త పంపు వేరే చోట కొన్నాం.

తనంతట తాను పక్కకు తిరగగలిగిన వారికి ఇది వద్దనే అంటాను. ఆ మెత్తదనం వల్ల ఉన్న కదలిక కూడా కష్టమవుతుంది. పుండు ఇప్పటికే లోతుగా ఉన్నా, మనిషి బరువు ఎక్కువైనా, బుడగలకు బదులు పొడవాటి గాలి గొట్టాలుండే రకం ఎయిర్ బెడ్ గురించి వైద్యులను అడగడం మంచిది. గుండ్రటి రంధ్రమున్న ట్యూబు దిండును చవక అని తెచ్చుకోవద్దు, అది చుట్టూ రక్తప్రసరణను నొక్కేస్తుంది. కొనే ముందు పంపు విడిగా దొరుకుతుందో లేదో అడిగి, షాపులోనే గంటసేపు ఆడించి చూసుకోండి.