రోజుకి మూడు గీతల కృతజ్ఞత డైరీ, ఏడాది వాడాక నా రివ్యూ

2024 డిసెంబర్ 31 రాత్రి ఆరాధనకి వెళ్ళినప్పుడు చర్చి కాంపౌండ్‌లో పుస్తకాల బల్ల పెట్టారు, వాగ్దాన క్యాలెండర్లు బైబిల్ కవర్లు వాటి మధ్యలో ఈ డైరీ. 180 రూపాయలు. రోజుకో పేజీ, పైన ఒక బైబిల్ వాక్యం, కింద 1, 2, 3 అని మూడు గీతలు, ఆ రోజు దేవుడికి దేని గురించి స్తోత్రం చెప్తున్నామో అందులో రాయాలి అంతే. ఏడాది పూర్తిగా వాడాను కాబట్టి కొనాలనుకునేవాళ్ళ కోసం రాస్తున్నా.

ముందు మైనస్‌లు చెప్పేస్తా. పేపర్ బాగా పల్చన, జెల్ పెన్నుతో రాస్తే వెనక పేజీకి దిగిపోతుంది, బాల్ పెన్నే వాడండి. కుట్టు జూన్‌కల్లా ఊడొచ్చేసింది, నాది మిషన్ పని కాబట్టి లావు సూదికి పాలిష్ దారం ఎక్కించి మళ్ళీ కుట్టుకున్నా. అక్షరాలు మాత్రం పెద్దవి, మా అత్తయ్య కళ్ళజోడు లేకుండానే పైన వాక్యం చదివేసేది.

మొదటి వారం ఏం రాశానంటే, ఆరోగ్యం, కుటుంబం, ఆహారం. రెండో రోజూ అదే, నాలుగో రోజూ అదే. రాస్తుంటే నాకే బాధేసింది, ఇన్నేళ్ళుగా ప్రార్థనలో "అన్నిటి కొరకు స్తోత్రం ప్రభువా" అని ఒక్క మాటలో దాటేస్తున్నానని అప్పుడు తెలిసింది. 136వ కీర్తన తీసి చదివాను, 26 వచనాలు, ప్రతిదాని చివర "ఆయన కృప నిరంతరముండును" అనే ఉంటుంది కానీ ముందు మాత్రం కీర్తన రాసినాయన ఒక్కోటి పేరుపెట్టి చెప్తాడు, సూర్యుడు, చంద్రుడు, ఎర్ర సముద్రం, చివరికి సీహోను ఓగు అనే రాజుల పేర్లతో సహా. ఆ రోజు నుంచి నేనూ పేరుపెట్టి రాయడం మొదలుపెట్టా. ఆరింటికే కుళాయి వచ్చింది, రెండు బిందెలు ఎక్కువ పట్టుకున్నా. జాకెట్లు పట్టుకెళ్ళి రెండు నెలలైన ఆవిడ తనే పిలిచి బాకీ ఇచ్చింది. పెద్దోడికి జ్వరం తగ్గి తనంతట తనే పెరుగన్నం అడిగాడు. ఇలా రాయాలంటే పొద్దున్నుంచి కళ్ళు తెరుచుకుని ఉండాలి, అదే ఈ డైరీ నాకు నేర్పింది.

అన్నిటికన్నా నాకు నచ్చింది నెలాఖరు పేజీ, "జవాబు దొరికిన ప్రార్థనలు" అని ఉంటుంది. శుక్రవారం ఉపవాస కూడికలో పిల్లల ఫీజు గురించి చీటీ రాసి ఇచ్చాను, అందరూ ప్రార్థన చేశారు, డబ్బు సర్దుబాటు అయింది, నేను మర్చిపోయాను. నెలాఖరున ఈ పేజీ నింపడానికి కూర్చుంటే గుర్తొచ్చింది. లూకా సువార్త 17లో యేసు పదిమంది కుష్ఠరోగుల్ని బాగుచేస్తే స్తోత్రం చెప్పడానికి తిరిగొచ్చింది పరాయి జాతివాడైన ఒక్క సమరయుడే కదా, "ఆ తొమ్మండుగురు ఎక్కడ" అని ఆయన అన్నమాట నన్నే అడిగినట్టయింది. తర్వాతి శుక్రవారం కూడికలో లేచి జరిగింది అందరి ముందు సాక్ష్యంగా చెప్పి కృతజ్ఞత కానుక వేసి వచ్చా.

ఇంక నా పెద్ద కంప్లైంట్. పైన వేసిన వాక్యాలన్నీ ఆశీర్వాదం, విజయం, అభివృద్ధి గురించే. "అంజూరపు చెట్లు పూయకుండినను" అని హబక్కూకు 3వ అధ్యాయంలో ఉంది, పంట లేదు, దొడ్లో పశువులు లేవు అయినా యెహోవాయందు ఆనందిస్తాను అంటాడు ఆ ప్రవక్త, ఏడాది మొత్తంలో ఆ వాక్యం ఒక్కసారి కూడా వేయలేదు. ఆగస్టులో అత్తయ్య మంచాన పడ్డప్పుడు నాకు కావాల్సింది అదే. ఆ రోజుల్లో పేజీలో ఒక్క గీతే నిండేది, "అత్తయ్య రెండు చెంచాలు జావ తాగింది", "ఈ రాత్రి నిద్రపోయింది", ఒక రోజు "నా చెయ్యి పట్టుకుంది" అని. 1 థెస్సలొనీకయులు 5:18లో "ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి" అని ఉంది, చిన్నప్పుడు సండేస్కూల్లో కంఠతా పట్టిందే, కానీ ఆ పత్రిక రాసిన పౌలు "విషయమునందును" అన్నాడు, ప్రతి విషయం కోసం అనలేదు, ఆ తేడా నాకు హాస్పిటల్ బెంచీ మీదే అర్థమైంది. జబ్బు కోసం స్తోత్రం చెప్పమనలేదు, జబ్బులో ఉన్నప్పుడు కూడా దేవుడికి చెప్పమన్నాడు.

ఆవిడ పోయాక తొమ్మిది పేజీలు ఖాళీగానే ఉన్నాయి. వాటిని తర్వాత నింపుదామని చూశా కానీ అబద్ధం రాసినట్టు ఉంటుందని వదిలేశా. పదో రోజు పేజీలో మా చిన్నోడు వాడి వంకర రాతతో "నానమ్మ నాకు ప్రార్థన నేర్పింది" అని రాసిపెట్టాడు, నాకు చెప్పకుండా.

రేటింగ్ అడిగితే అయిదుకి నాలుగు. ఈసారి రెండు తీసుకున్నా, ఒకటి మా ఆడపడుచుకి, రెండూ ముందే గట్టిగా కుట్టేశా. ఆవిడ డైరీలో ఆగస్టు పేజీల పైన హబక్కూకు వాక్యం నా చేత్తో రాసి ఇచ్చాను.