డిశ్చార్జి తర్వాత 30 రోజుల ఫోన్ ఫాలో అప్: పర్లాకిమిడి వైపు వాళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

గుండె బలహీనపడి విశాఖలో చేరిన పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం రోగులకు అక్కడి ఒక ప్రైవేటు ఆసుపత్రి డిశ్చార్జితో పాటు 30 రోజుల ఫోన్ ఫాలో అప్ ఇస్తోంది. 48 గంటల్లో నర్సు తెలుగులో ఫోన్ చేస్తుంది. రోజూ బరువు, బీపీ వాట్సాప్‌లో పంపాలి. 7వ రోజు, 14వ రోజు డాక్టరు వీడియోలో చూస్తారు. విశాఖ వెళ్లిరావడానికి రోజంతా పోయే మన వైపు వాళ్లకు ఇది నిజంగా అక్కరకొచ్చే సేవ.

దీనికి ప్రాణం బరువు లెక్క. ఒంట్లో నీరు చేరితే కాళ్లవాపు కంటికి కనపడకముందే మిషన్ చెప్పేస్తుంది. పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చి, ఏమీ తినకముందు, రోజూ ఒకేలాంటి బట్టలతో చూసుకోవాలి. మిషన్‌ని గట్టి సిమెంటు గచ్చు మీదే పెట్టాలి. మట్టి అరుగు మీదో చాప మీదో పెడితే అంకె తప్పుతుంది, దాన్ని నమ్మి మార్చే డోసూ తప్పుతుంది. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే వాళ్ల ఫోన్ కోసం చూడకుండా మీరే చేయండి. నర్సు ఆ రోజే డాక్టరుని అడిగి, నీరు తీసే మాత్ర ఎంత వేసుకోవాలో చెబుతోంది. అంకె చూసి అదే రోజు మనిషి స్పందిస్తున్నందుకు ఎక్కువ మార్కులు ఇక్కడే. గుండె బలహీనపడినవాళ్లను ఫోన్‌లో కనిపెట్టుకోవడంపై 2010లో వెలువడిన అమెరికా టెలీ-హెచ్‌ఎఫ్ పరిశోధనలో రికార్డు గొంతుకు బటన్లు నొక్కి జవాబిచ్చే పద్ధతి వల్ల మళ్లీ ఆసుపత్రిలో చేరడం తగ్గలేదు. 2018 నాటి జర్మనీ పరిశోధనలో రాత్రీ పగలూ డాక్టర్లు చూసుకునే ఏర్పాటు ఉంది, అక్కడ ఫలితం కనిపించింది.

లోపం మొదటి ఫోన్‌లోనే ఉంది. “మందులు వేసుకుంటున్నారా?” అంటే ఎవరైనా “ఆఁ” అనే అంటారు. మాత్రల అట్టలన్నీ వీడియోలో చూపించమనాలి. ఇంట్లో పాత లాసిక్స్ (నీరు తీసే మాత్ర) ఉంటుంది, చీటీలో అదే మందు వేరే కంపెనీ పేరుతో ఉంటుంది. రెండూ మింగితే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. మోకాళ్ల నొప్పికి మందుల షాపులో కొనే డైక్లోఫెనాక్ గురించీ అడగడం లేదు. అది ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది. ఉప్పు తగ్గించమన్న కాగితంలో ఎండుచేపలు, ఆవకాయ, అప్పడాల ఊసే లేదు. స్పిరనోలాక్టోన్ (పొటాషియం పెంచగల మరో గుండె మాత్ర) కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు వారం, రెండు వారాల్లో రక్తంలో పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది) చూడాలి. ఆ మాటా మీరే గుర్తుచేయాలి. పరీక్ష పర్లాకిమిడిలో చేయించి రిపోర్టు ఫొటో పంపినా ఒప్పుకుంటున్నారు.

ఫారంలో పనికి వెళ్లే కొడుకు నంబరు కాకుండా, ఇంట్లో ఉండి చూసుకునే కోడలి నంబరు ఇవ్వండి. పడుకుంటే ఆయాసం, గుండెలో నొప్పి, స్పృహ తప్పడం కనిపిస్తే వాట్సాప్ పక్కనపెట్టి 108కి చేయండి. డిశ్చార్జి చీటీ ఫొటో ఫోన్‌లో ఉంచుకోండి, క్యాజువాలిటీలో ముందు అడిగేది అదే.