పారిస్ బోఫాంజేర్‌లో షూక్రూట్: పక్కన ఏ వైన్?

బాస్టీల్ కూడలికి నాలుగడుగుల దూరంలో ఉన్న బోఫాంజేర్, 1864 నాటి బ్రాసరీ, అంటే ఈశాన్య ఫ్రాన్స్‌లోని ఆల్సాస్ ప్రాంతపు వంటలు వడ్డించే భోజనశాల. రంగుటద్దాల గుమ్మటం కింద చోటు దొరికితే మంచిదే. అయితే ఇక్కడికి వెళ్లాల్సింది పులియబెట్టిన క్యాబేజీ, పంది మాంసం కలిసిన షూక్రూట్ కోసం, దానితో తాగే ఆల్సాస్ వైట్ వైన్ రీస్లింగ్ కోసం. రెడ్ వైన్ అయితేనే మర్యాద అనుకుని బోర్డో సీసా తెప్పించుకుంటే ఈ భోజనం సగం పాడైనట్టే.

సన్నగా తరిగి ఉప్పులో పులియబెట్టిన క్యాబేజీని జూనిపర్ గింజలు, వైట్ వైన్ వేసి నిదానంగా ఉడికిస్తారు. దాని మీద సాసేజ్‌లు, పొగబెట్టిన పంది మాంసం, బంగాళాదుంపలు పేరుస్తారు. ఉప్పు, కొవ్వు, పులుపు మూడూ గట్టిగానే తగులుతాయి. పులుపు తక్కువున్న వైన్ ఈ క్యాబేజీ ముందు నీళ్లలా చప్పబడిపోతుంది. వగరు ఎక్కువున్న రెడ్ దీనికి నప్పదు. రీస్లింగ్ పులుపు క్యాబేజీ పులుపుకు దీటుగా నిలబడి, నోట్లో పేరుకున్న కొవ్వును కడిగేస్తుంది.

లేబుల్ మీద ‘సెక్’, అంటే తీపి లేనిది, అని ఉందో లేదో చూడండి. 2021 పంట నుంచి ఆల్సాస్ వైన్‌లో తీపి ఏపాటిదో సీసా మీద చెప్పాలి. ‘మొయెలూ’, అంటే తియ్యనిది, అని ఉంటే ఈ పళ్లేనికి వద్దు. గులాబీ వాసన వేసే మరో ఆల్సాస్ వైట్ వైన్ గెవుర్జ్‌ట్రామినర్ కూడా ఇక్కడ నప్పదు, దానిలో పులుపు చాలదు. ఘాటు వాసన వేసే మున్‌స్టర్ చీజ్ తెప్పించుకుంటే అప్పుడు తాగండి. రీస్లింగ్‌కు 8 నుంచి 10 డిగ్రీల చల్లదనం చాలు. ఐసు బకెట్‌లో ఎక్కువసేపు ఉంటే వాసన ముడుచుకుపోతుంది, అప్పుడు సీసాను తీసి బల్ల మీద పెట్టించండి. ఆవాల ముద్దను సాసేజ్ అంచుకు మాత్రమే రాసుకోండి. క్యాబేజీలో కలిపితే ఇక ఏ వైన్ రుచీ తెలియదు.

ముందుగా ఆయిస్టర్లు తినేవాళ్లకు ముస్కడే ‘సుర్ లీ’ అనే వైట్ వైన్ సరైనది. ఈస్టు మడ్డి మీదే చలికాలమంతా ఉంచి సీసాలో పోస్తారు కాబట్టి పలచగా ఉన్నా నోట్లో నిలుస్తుంది. ఆయిస్టర్ మీద షాలట్ (చిన్న ఉల్లి) వెనిగర్ చెంచాడు పోస్తే వైన్ చచ్చిపోతుంది, నాలుగు చుక్కల నిమ్మరసం చాలు. వీటితో రెడ్ వద్దు: రెడ్ వైన్‌లోని ఇనుము ఆయిస్టర్ల లాంటి సముద్రపు ఆహారంలోని కొవ్వులతో కలిస్తే నీచువాసన పుడుతుంది.

ఉల్లి సూప్‌ను శాకాహారం అనుకోకండి. బ్రాసరీల్లో దాన్ని సాధారణంగా గొడ్డు మాంసం ఎముకల రసంతో చేస్తారు, అడిగి తెలుసుకోండి. దోరగా వేగిన ఉల్లి తీపికి కాస్త చిక్కదనమున్న వైట్ వైన్ పినో గ్రీ బాగుంటుంది.

బేర్నేజ్ (వెన్న, గుడ్డు పచ్చసొనల) సాస్‌తో స్టేక్ తినేవాళ్లకు 15 డిగ్రీల చల్లదనంలో షినాన్ అనే రెడ్ వైన్. మనవాళ్లు చాలామంది ‘బియాఁ క్వి’, అంటే బాగా కాల్చమని అడుగుతారు. రసం ఇంకిపోయిన మాంసంతో వైన్ వగరు గొంతు పట్టేస్తుంది. అలా తినేవాళ్లు వగరు తక్కువుండే రెడ్ వైన్ బోజొలే వైపు వెళ్లడం మేలు.

ఇద్దరికి చెరో గ్లాసు ముస్కడే, తర్వాత 50 సెంటీలీటర్ల పిషే (కూజా) రీస్లింగ్ సరిపోతాయి. సీసా తీసుకుంటే మొదట వాసన చూడండి. తడిసిన అట్టపెట్టె వాసన వేస్తే కార్క్ చెడిపోయినట్టు. వెంటనే వెయిటర్‌కు చెప్పి వేరే సీసా అడగండి.