యెల్లోస్టోన్‌లో వేసవి ఉద్యోగం: జీతానికి రెండు స్టార్లు, సాయంత్రాలకు ఐదు

అమెరికాలోని యెల్లోస్టోన్ నేషనల్ పార్కులో వేసవి పనికి డబ్బు మిగులుతుందని వెళ్ళేవాళ్ళు ఈ రివ్యూ ఇక్కడితో ఆపేయొచ్చు, మిగలదు. గంటల లెక్కన జీతం ఇస్తారు, అందులోంచే గదికీ భోజనానికీ పట్టుకుంటారు, కారుంటే పెట్రోలు, సెలవు రోజున పక్క ఊళ్ళో పెట్టే ఖర్చు పోను ఏదో కాస్త ఉంటుంది. లేఆఫ్ అయ్యి, గ్రీన్‌కార్డు చేతిలో ఉండి, మళ్ళీ ఇంటర్వ్యూల టెన్షన్ మొదలుపెట్టే ముందు ఊపిరి పీల్చుకుందామనుకుని నేను వెళ్ళాను. ఆ లెక్కన చూస్తే మాత్రం ఇంత చవకగా యెల్లోస్టోన్‌లో ఒక వేసవంతా ఉండటం ఇంకే దారిలోనూ కుదరదు.

నా పని ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దగ్గర ఒక దుకాణంలో క్యాష్ కౌంటర్. అదొక గీజర్, అంటే నేలలోంచి మరిగే నీళ్ళు పైకి చిమ్మే ఊట, సగటున గంటన్నరకోసారి ఎగుస్తుంది, మా డ్యూటీకి అదే గడియారం. నీళ్ళు ఆగీ ఆగగానే బెంచీల మీద కూర్చున్న జనమంతా లేచి ఐస్‌క్రీమ్ కోసం లోపలికి వచ్చిపడతారు, అరగంట ఊపిరాడదు, తర్వాత ఒక్కసారిగా ఖాళీ, గబగబా అరలు సర్దుకుంటాం, మళ్ళీ జనం. రోజంతా నిలబడే ఉండాలి. ఆఫీసు కుర్చీకి అలవాటుపడ్డ కాళ్ళకి మొదటి రెండు వారాలూ నరకమే, మంచి బూట్లు కొనుక్కోకుండా వెళ్ళకండి.

జులై 4 సెలవులప్పుడు మనవాళ్ళు వ్యాన్లు వేసుకుని దిగుతారు. నా ఛాతీ మీద పేరు చూసి ఒక పెద్దావిడ "తెలుగువాడివా బాబూ?" అని మురిసిపోయి, వెంటనే మొహం దిగులుగా పెట్టి "అయ్యో నాయనా, ఉద్యోగం పోయిందా?" అంది. పోయిందండీ అన్నాను. బిల్లు కట్టి, సంచిలోంచి జంతికల పొట్లం తీసి చేతిలో పెట్టి వెళ్ళింది. టిప్పుల్లో అదే నా రికార్డు.

గది విషయానికొస్తే ఇద్దరికి ఒక గది, బాత్రూములు వరండా చివర అందరికీ కలిపి. ఏకాంతం కావాలనుకునేవాళ్ళకి కష్టం. నా రూమ్మేట్ వేసవి పనికి విదేశీ విద్యార్థులకిచ్చే జె-1 వీసా మీద వచ్చిన తూర్పు యూరప్ కాలేజీ కుర్రాడు, పక్క గదుల్లో అరవై దాటినవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళు ఏటా ఏదో ఒక పార్కులో వేసవి పనికి చేరతారట. సిగ్నల్ అంతంత మాత్రం. అమ్మావాళ్ళకి వీడియో కాల్ చేస్తానని మాటిచ్చి వెళ్ళకండి, రోజూ ఫోన్ రాకపోతే అక్కడ కంగారు మొదలవుతుంది.

తిండి గురించి ముందే చెప్పాలి. అక్కడ ఎత్తు 7,300 అడుగుల పైనే, నీళ్ళు దాదాపు 93 డిగ్రీలకే మరుగుతాయి, కాబట్టి మెస్‌లో అన్నం మనకి కావాల్సినట్టు ఉండదు. గదిలో వంట చేయనివ్వరు. నన్ను నిలబెట్టింది కందిపొడి, నిమ్మకాయ పచ్చడి, మైక్రోవేవ్‌లో వేడి చేసుకునే అన్నం పొట్లాలు. ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి తినేవి ఏవీ బయట వదలకూడదు, పచ్చడి సీసా అయినా సరే. శాకాహారులైతే చేరేముందే మెస్ గురించి అడగండి, సలాడ్ ఉంటుందన్న జవాబుతో తృప్తిపడకండి.

ఇక ఐదు స్టార్లు దేనికంటే, డ్యూటీ దిగాక. జూన్‌లో తొమ్మిది దాటితే గానీ పొద్దు గూకదు. పొద్దున షిఫ్టు అయితే సాయంత్రం నాలుగైదు గంటల వెలుగు పూర్తిగా మనదే, అప్పటికి పార్కింగ్ ఖాళీ అవుతూ ఉంటుంది. టూరిస్టులు ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ చూసి కారెక్కేస్తారు, కాస్త అవతల గ్రాండ్ గీజర్ ఉంటుంది, ముందుగా సమయం అంచనా కట్టగలిగిన గీజర్లలో ప్రపంచంలోకెల్లా ఎత్తుగా ఎగిసేది అదే, 200 అడుగుల దాకా వెళ్తుంది. ఎప్పుడు లేస్తుందో ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అంత కచ్చితంగా చెప్పలేరు, గంటలు కూర్చోవాలి. రెండు రోజుల ట్రిప్పులో ఆ ఓపిక ఎవరికుంటుంది? నాకుంది, వేరే పనేముంది గనక. అక్కడ నోటుబుక్కు, వాకీటాకీ పట్టుకుని కూర్చునే గీజర్ పిచ్చోళ్ళతో స్నేహమైంది, పక్క గుంటలో నీళ్ళు ఎలా కదులుతున్నాయో చూసి ఇప్పుడు రాదు, ఇప్పుడు రావచ్చు అని వాళ్ళు చెప్తుంటే వినడం క్రికెట్ కామెంటరీ కంటే బాగుంటుంది.

సెలవు రోజున తెల్లారకముందే బయల్దేరి లమార్ లోయకి వెళ్ళండి. పార్కులో 1926 నాటికి తోడేళ్ళు లేకుండా పోయాయి, 1995లో కెనడా నుంచి తెచ్చి వదిలారు, ఆ లోయలో ఇప్పుడు దుర్భిణి పెట్టుకుని చూడొచ్చు. దూరం మాత్రం ఎక్కువే, దారిలో బైసన్ (అడవిదున్న లాంటి జంతువు) మంద రోడ్డెక్కితే ఎప్పుడు కదులుతామో దేవుడికే తెలియాలి. పార్కులో తిరగడానికి పబ్లిక్ బస్సులు లేవు. కారు లేకపోతే ఉన్నవాళ్ళతో మంచిగా ఉండటం ఒక్కటే మార్గం.

భయం గురించి అడిగితే, ఎలుగుబంటి కంటే బైసనే ఎక్కువ. రాత్రి డార్మ్ వెనక చీకట్లో నిలబడి ఉంటుంది, టార్చ్ లేకుండా నడవకండి, 25 గజాల దూరం ఎప్పుడూ పాటించండి. ఎలుగుకీ తోడేలుకీ అయితే 100 గజాలు. వేడినీటి గుంటల దగ్గర చెక్క బాట దిగొద్దు, నేల పైపొర కింద మరిగే నీళ్ళుండొచ్చు. జూన్‌లో కూడా మంచు పడుతుంది, స్వెటర్లు ఇంట్లో వదిలేసి రాకండి.

ఆగస్టు 25న సిబ్బంది క్రిస్మస్ చేసుకుంటారు, ఎప్పుడో వేసవిలో మంచు పడి జనం ఇరుక్కుపోయారని ఏదో కథ చెప్తారు, నేను పెద్దగా నమ్మలేదు, కేక్ మాత్రం తిన్నాను. ఆ దగ్గర్లో కాలేజీ పిల్లలు వెళ్ళిపోవడం మొదలుపెడతారు, మిగిలినవాళ్ళ మీద పని పెరుగుతుంది. అయినా కుదిరితే సెప్టెంబర్ దాకా ఉండండి, ఎల్క్ (పెద్ద దుప్పి) మగవి జత కోసం అరిచే కాలం అది, జనమూ తగ్గుతారు.

చివరిగా వీసా. కంపెనీ ఇప్పించే ఉద్యోగ వీసా హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు సరదాకి కూడా ఇలాంటి పని చేయకూడదు, చదువు వీసా ఎఫ్-1 మీద ఉన్న పిల్లలూ సెలవుల్లో వెళ్ళి చేరిపోదామనుకోవద్దు. గ్రీన్‌కార్డో సిటిజన్‌షిప్పో ఉంటే చలికాలంలోనే అప్లై చేయండి, ఏ ఊరి దగ్గర వేస్తారో అప్పుడే అడిగి రాయించుకోండి, ఎందుకంటే పార్కు చాలా పెద్దది, ఆ మూల నుంచి ఈ మూలకి రోజూ వెళ్ళిరాలేం.